రెక్క కవరింగ్ - 4వ పాఠం: చిరిగిన చోట అతుకు

పోయిన పాఠంలో మోడల్ విమానం కొత్త బాల్సా (తేలికపాటి కట్టె) రెక్కకు, వేడి పెడితే అతుక్కుని బిగిసే పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్ ఎక్కించాం. ఇప్పుడు చిరిగినదాని సంగతి. మన నల్లగొండ, పాలమూరు చెల్కల్లో దింపితే పత్తి కట్టెలు, తుమ్మ ముండ్లు రెక్క అడుగును ఊరికే వదలవు.

ముందు పొక్కలోకి టార్చి వేసి చూడండి. లోపల రిబ్ (రెక్క ఆకారాన్ని నిలిపే అడ్డ పలక) విరిగితే పైన ఎంత నున్నగా అతికినా దండగే. విరుపు మీద పల్చటి సూపర్‌గ్లూ ఒక్క చుక్క చాలు. ఎక్కువ పోస్తే బొడిపె కట్టి ఫిల్మ్ కింద తేలుతుంది. గ్లో ఇంజన్ (మిథనాల్ ఇంధనంతో నడిచే చిన్న ఇంజన్) విమానమైతే ఇంధనంలోని ఆముదం లాంటి నూనె బాల్సాలోకి ఇంకి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కార్న్‌ఫ్లోర్ చల్లి, రాత్రంతా ఉంచి పొద్దున దులపండి. నూనె మీద జిగురు పట్టదు.

ఇక ఫిల్మ్‌కు పెట్టే ఇస్త్రీ వేడి. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. జిగురు పట్టే వేడి వేరు, ఫిల్మ్ ముడుచుకునే వేడి వేరు. ఒరాకవర్ రకం ఫిల్మ్‌కు జిగురు 100-110 డిగ్రీల దగ్గర పట్టుకుంటుంది, మోనోకోట్ రకానికి ఇంకొంచెం ఎక్కువ కావాలి. బాగా బిగియాలంటే 150 అయినా కావాలి, మోనోకోట్‌కు ఇంకా ఎక్కువే. చిన్న అతుకుకు మొదటి వేడి చాలు. అది దాటిందంటే ముక్క ముడుచుకుపోతుంది, కింది పొక్క ఇంకా పెద్దదవుతుంది. ఇస్త్రీ డయల్ అంకెల్ని నమ్మకుండా చెత్త బాల్సా ముక్క మీద అతికించి చూడండి. గోటితో గీకితే లేవొద్దు, అంచు ముడతపడొద్దు. థర్మోకోల్ రెక్కకైతే ఈ వేడి పనికిరాదు, కరిగి గుంట పడుతుంది.

పొక్క 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే కొత్త ఫిల్మ్ ముక్కను రెండు రూపాయల బిళ్ళ పెట్టి గుండ్రంగా కత్తిరించండి. చుట్టూ 6 మిల్లీమీటర్లు పాత ఫిల్మ్ మీదికి రావాలి. చదరంగా కోస్తే మూలలే ముందు లేస్తాయి. ఇస్త్రీ మొనతో అంచు చుట్టూ మాత్రమే తాకించండి, ఖాళీ మీద నొక్కొద్దు. కింద బాల్సా పలక ఉంటే మాత్రం నడుమ నుంచి అంచుకు తోయాలి. ఫిల్మ్ మీద ఫిల్మ్ పడితే గాలికి దారి ఉండదు, బుడగలొస్తాయి. సూదితో పొడిచి మళ్లీ ఒత్తండి.

చీలిక పొడుగ్గా ఉంటే అతుకులతో సరిపెట్టొద్దు. రెండు రిబ్‌ల నడుమ ఫిల్మ్ మొత్తం తీసేసి, రిబ్‌ల పక్కన 3 మిల్లీమీటర్ల పాత అంచు మిగల్చండి. రిబ్ నెత్తిన బ్లేడు పెట్టి కోస్తే బాల్సా తెగి, తర్వాత విమానం గట్టిగా దిగినప్పుడు అక్కడే విరుగుతుంది. కొత్త ముక్క అంచులన్నీ అతికాకే నడుమ వేడి పెంచండి. రెండు రిబ్‌ల నడుమ గది అన్నివైపులా మూసుకుపోయి ఉంటే లోపలి గాలి ఉబ్బి, చల్లారాక ఫిల్మ్ జారుతుంది. అడుగున సూది బెజ్జం ఒకటి పెట్టాలి. రెండు ముక్కలు కలిసేచోట పెంకులు కప్పినట్టు ముందుది వెనకదాని మీదికి రావాలి. లేకుంటే ఎదురుగాలి అంచును పట్టి లేపుతుంది.

చివరికి రెక్కను చదునైన బల్ల మీద పెట్టండి. ఒక మూల లేస్తే ఫిల్మ్ ఒకవైపే లాగినట్టు. ఎదురువైపుకు మెలితిప్పి, పైనా కిందా వేడి పెట్టి, పూర్తిగా చల్లారేదాకా చేతిలోనే పట్టుకోవాలి. మే ఎండలో అద్దాలు మూసిన కారులో పెడితే మళ్లీ వదులవుతుంది, ముదురు రంగు ఫిల్మ్ ఇంకా తొందరగా.