మన మెషీన్ మన చేత్తో, 4వ పాఠం: ఆట ఊపందుకోగానే ఆరిపోయే కంప్యూటర్

గత పాఠంలో అసలు ఆన్ కాని కంప్యూటర్‌ను చూశాం. దానికి ఎప్పుడూ ఒకటే లక్షణం కాబట్టి పట్టుకోవడం తేలిక. ఈసారిది మొండి రోగం. బ్రౌజర్ గంటలకొద్దీ నడుస్తుంది, సినిమా ఆడుతుంది, ఏ తేడా కనబడదు. పెద్ద ఆట మొదలుపెట్టి కాసేపు కాగానే టక్కున ఆరిపోతుంది. మళ్లీ ఆన్ చేస్తే ఏమీ ఎరగనట్టు లేస్తుంది.

ఇలాంటప్పుడు చాలామంది చేసే మొదటి పని కొత్త భాగం కొనడం. ఈ పాఠం పూర్తయ్యేదాకా దయచేసి ఏదీ కొనకండి. ఇక్కడ నేర్చుకునేది భారాన్ని విడదీసే పద్ధతి. ఏ భాగం మీద బరువు పడితే మెషీన్ పడిపోతోందో తేల్చితే, అనుమానం ఒకటి రెండు చోట్లకు కుదించుకుపోతుంది.

ముందు, ఎలా ఆరిపోయిందో చూడండి

"ఆరిపోయింది" అనే మాటలో మూడు వేర్వేరు సంగతులు కలిసిపోతుంటాయి. తెర నల్లబడినా ఫ్యాన్లు తిరుగుతూ, ఆట శబ్దం వినబడుతూ ఉంటే అది ఆరిపోవడం కాదు. గ్రాఫిక్స్ కార్డు గానీ, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్ గానీ పడిపోయింది. నీలి తెర వచ్చి రీస్టార్ట్ అయితే విండోస్ తనకు తానే ఆగింది. ఫ్యాన్లు, లైట్లు, శబ్దం అన్నీ ఒక్క క్షణంలో, మెయిన్ స్విచ్ కట్టేసినట్టు పోతే కరెంటు దారిలోనే ఏదో తెగింది. ఈ పాఠం ఈ మూడో దాని గురించి.

నీలి తెర రెప్పపాటులో వచ్చిపోతే కంటికి ఆనకపోవచ్చు. అందుకని సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌కు వెళ్లి, స్టార్టప్ అండ్ రికవరీ సెట్టింగ్స్‌లో "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" దగ్గరి టిక్కు తీసేయండి. ఆ తర్వాత ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కండి. అక్కడ కెర్నల్-పవర్, ఈవెంట్ 41 అని ఎర్ర గుర్తుతో ఒక వరస ఉంటుంది. దాన్ని చూసి "కెర్నల్-పవర్ రోగం" అని పేరు పెట్టేసేవాళ్లున్నారు. అది రోగం పేరు కాదు. కిందటిసారి సరిగ్గా షట్‌డౌన్ కాలేదని, మళ్లీ లేచాక విండోస్ రాసుకునే చీటీ అది. మనకు పనికొచ్చేది అందులోని డిటెయిల్స్ ట్యాబ్. అక్కడ బగ్‌చెక్‌కోడ్ సున్నా ఉంటే, నీలి తెర వివరం రాసుకునే వ్యవధి కూడా విండోస్‌కు దొరకలేదన్నమాట. సున్నా కాక వేరే అంకె ఉంటే దారి డ్రైవర్లు, మెమరీ వైపు మళ్లుతుంది. దాన్ని మరో పాఠంలో చూద్దాం.

ఇంకో చిన్న సాక్ష్యం ఉంది. ఆరిపోయిన వెంటనే పవర్ బటన్ నొక్కి చూడండి. ఏ చలనమూ లేకుండా, వెనక పవర్ సప్లై (గోడ కరెంటును మార్చి భాగాలన్నిటికీ పంచే డబ్బా) స్విచ్ కట్టి కొన్ని సెకన్లు ఆగి వేస్తేనే లేస్తోందా? అయితే పవర్ సప్లై తనను తాను కాపాడుకోవడానికి లాక్ అయి ఉండే అవకాశం ఎక్కువ. మోతాదు మించిన కరెంటు, పడిపోయిన వోల్టేజీ, షార్ట్, లోపలి వేడి, వీటిలో ఏది వచ్చినా మంచి పవర్ సప్లై ఆగిపోవాలి. ఆగడం దాని తప్పు కాదు, దాని డ్యూటీ.

వేడి సంగతి

అందరూ ముందు అనుమానించేది వేడినే, కానీ ఈ రోగంలో అది నేరస్థుడిగా తేలేది తక్కువ. ఇప్పటి ప్రాసెసర్ కాగితే ముందు వేగం తగ్గించుకుంటుంది. చాలా ఇంటెల్ ప్రాసెసర్ల హద్దు 100 డిగ్రీలు. రైజెన్ 7000 వరసలోని చాలా ప్రాసెసర్లు 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా తయారుచేసినవి. అందుకని 90 చూసి కంగారుపడకండి. కరెంటు తెంచేసేది అది కూడా దాటి, వేగం తగ్గించినా వేడి ఆగనప్పుడే. అంటే కూలర్ ఊడి ఉండాలి, లిక్విడ్ కూలర్ పంపు ఆగి ఉండాలి, లేదా కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీయకుండా బిగించి ఉండాలి. అలాంటి మెషీన్‌లో భారం పడిన కొన్ని సెకన్లలోనే అంకె హద్దుకు ఎగబాకుతుంది. చూస్తే తెలిసిపోతుంది.

వేడి, వోల్టేజీ లాంటి అంకెలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రామ్ పెట్టుకుని, సెన్సర్ల లాగింగ్ ఆన్ చేసి ఆడండి. రీడింగ్ వ్యవధి మామూలుగా రెండు సెకన్లు ఉంటుంది, దాన్ని అర సెకనుకు దించండి. ఆరిపోయాక ఫైలు తెరిచి చివరి వరసలు చదవండి. కరెంటు పోయింది కాబట్టి ఆఖరి వరసలు కొన్ని డిస్కుకు చేరకపోయి ఉండవచ్చు, అయినా కథ అర్థమవుతుంది. వేడి మెల్లగా పెరిగి అంచున ఆగిందా, లేక 68 దగ్గర నింపాదిగా ఉండగానే వరసలు తెగిపోయాయా? రెండోదైతే థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే ముద్ద) ట్యూబు పక్కన పెట్టేయండి.

భారాన్ని విడదీయడం

ఈ పాఠానికి గుండెకాయ ఇదే, తొందరపడొద్దు. ముందు బయాస్‌ను (విండోస్ కంటే ముందు లేచే మదర్‌బోర్డు సెట్టింగ్స్) డిఫాల్ట్‌కు తెచ్చి, ఓవర్‌క్లాక్ (వేగం పెంచడం), అండర్‌వోల్ట్ (వోల్టేజీ తగ్గించడం), ఎక్స్‌ఎంపీ (మెమరీ వేగం పెంచే సెట్టింగ్) లాంటివన్నీ తీసేయండి. తర్వాత ప్రాసెసర్‌ను ఒక్కదాన్నే, దాని మీద పూర్తి భారం వేసే ప్రైమ్95 ప్రోగ్రామ్‌తో పదిహేను నిమిషాలు తోలండి. అది ఆగాక గ్రాఫిక్స్ కార్డును ఒక్కదాన్నే, దానికి అలాంటిదే అయిన ఫర్‌మార్క్‌తో అంతసేపే తోలండి. చివరగా రెంటినీ కలిపి. ఓసీసీటీ అనే ప్రోగ్రామ్‌లో రెంటినీ ఒకేసారి తోలే పవర్ పరీక్ష ఉంది. పరీక్ష నడుస్తున్నంతసేపూ ఎదురుగానే కూర్చోండి, కాలిన వాసన వస్తే వెంటనే వెనక స్విచ్ కట్టేయండి.

ప్రాసెసర్ పరీక్షలోనే పడిపోతే కూలర్, మదర్‌బోర్డు మీద ప్రాసెసర్‌కు కరెంటిచ్చే భాగం, పై మూలన గుచ్చే ఎనిమిది పిన్నుల తీగ చూడాలి. గ్రాఫిక్స్ పరీక్షలో పడితే కార్డు, దాని తీగలు, పవర్ సప్లై. విడివిడిగా రెండూ నిలబడి, కలిపితే పడితే వేలు పవర్ సప్లై వైపే చూపుతోంది.

మూడు పరీక్షలూ నెగ్గి, ఆటలో మాత్రం పడిపోవడం కూడా జరుగుతుంది. ఇది చాలామందిని తికమకపెడుతుంది కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఫర్‌మార్క్ బరువు నిలకడగా ఉంటుంది. ఆటలో అలా కాదు. ఒక క్షణం ఖాళీ గోడ, మరుక్షణం పేలుడు. కార్డు తీసుకునే కరెంటు కూడా అలాగే ఎగిరిపడుతుంది. ఆర్‌టీఎక్స్ 3080 కార్డుకు రాసింది 320 వాట్లు. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్ 142 వాట్ల దాకా తీసుకోగలదు. మిగతా భాగాలకు ఓ 60 వేసుకోండి. మొత్తం 522. కాగితం మీద 650 వాట్ల పవర్ సప్లై హాయిగా సరిపోవాలి, కానీ దాన్ని తయారుచేసే ఎన్విడియా ఆ కార్డుకు 750 వాట్లు ఉండాలంది. ఎందుకంటే 320 అన్నది సగటు. సెకనులో అతి చిన్న భాగంపాటు కార్డు దానికి ఎంతో పైకి దూకుతుంది. సాఫ్ట్‌వేర్ మీటర్లకు ఆ దూకుడు కనబడదు, పవర్ సప్లైలోని రక్షణకు కనబడుతుంది. ఈ దూకుళ్లను తట్టుకోవాలనే 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లైల ప్రమాణంలో, సెకనులో పదివేలో వంతు సేపు రేటింగ్‌కు రెట్టింపు భారం మోయాలన్న షరతు పెట్టారు.

దీన్ని పట్టుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. గ్రాఫిక్స్ కార్డు సెట్టింగ్స్ మార్చే ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్‌లో పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి, ఆటలో ఫ్రేమ్ రేటును 60కి కట్టేయండి. రోజూ పడిపోయే చోటే, రోజూ ఆడినంతసేపు ఆడండి. ఆరిపోవడం ఆగిపోతే కరెంటు దారి మీద అనుమానం గట్టిపడినట్టే. కొత్త పవర్ సప్లై వచ్చేదాకా ఇదే తాత్కాలిక వైద్యం కూడా.

తీగలు

పవర్ సప్లైకి శిక్ష వేసే ముందు తీగలు చూడండి. నా మెషీన్‌కు ఇదే వచ్చినప్పుడు వేడేననుకుని థర్మల్ పేస్ట్ రెండుసార్లు మార్చాను, కొత్త కూలర్ కూడా బిగించాను. మూడు వారాలు పోయాయి. చివరికి చూస్తే, గ్రాఫిక్స్ కార్డులోని రెండు సాకెట్లకూ ఒకే తీగ రెండు కొసలు గుచ్చి ఉన్నాయి. పెట్టెలో రెండో తీగ కవరు కూడా విప్పకుండా అలాగే ఉంది. అది గుచ్చిన రోజు నుంచి మళ్లీ ఆరిపోలేదు.

లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. ఒక్కో ఎనిమిది పిన్నుల సాకెట్ 150 వాట్లకు ఉద్దేశించింది. రెండూ ఒకే తీగ మీదుంటే 300 వాట్లు, అంటే 12 వోల్టుల దగ్గర 25 ఆంపియర్లు. అదంతా మూడు సన్నటి 12 వోల్టుల వైర్లలోంచి రావాలి. వోల్టేజీ కొసదాకా చేరేలోపే తగ్గుతుంది. 12 వోల్టుల లైను భారంలో 11.4 కిందికి పోకూడదు.

కాబట్టి ఒక్కో సాకెట్‌కు ఒక్కో తీగ. ప్లగ్గు క్లిక్‌మనేదాకా నొక్కండి. రంగు మారిన పిన్ను, కరిగిన ప్లాస్టిక్ కనబడితే ఆ తీగ మళ్లీ వాడొద్దు. ఒక హెచ్చరిక: పవర్ సప్లై నుంచి ఊడదీసే తీగలను ఇంకో మోడల్‌కు గుచ్చకండి. ప్లగ్గు సరిగ్గా పట్టినా లోపలి వరస వేరుగా ఉండి, డిస్కులు, బోర్డు కాలిపోతాయి. పవర్ సప్లై డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు. ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసే కరెంటు నిలిచి ఉండవచ్చు.

తీగల తర్వాత గోడ. ఎక్స్‌టెన్షన్ బాక్సు, యూపీఎస్ తీసేసి నేరుగా గోడ సాకెట్‌లో పెట్టి ఆడి చూడండి. 600 వీఏ అని రాసున్న యూపీఎస్‌లలో చాలావాటికి మోయగలిగింది 360 వాట్లే. పైన లెక్కవేసిన మెషీన్‌కు అది చాలదు.

ఈ వారం అభ్యాసం

నోటుపుస్తకంలో ఒక పేజీ గీసుకుని, మూడు పరీక్షలు, పవర్ లిమిట్ పరీక్ష, గోడ సాకెట్ పరీక్ష రాయండి. ఒక్కోదాని ఎదుట ఎంతసేపటికి ఆరిపోయింది, ప్రాసెసర్ వేడి ఎంత, బటన్‌కు పలికిందా లేదా వెనక స్విచ్ కట్టాల్సి వచ్చిందా అన్నది నింపండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మెషీన్ బాగానే ఉన్నవాళ్లు కూడా మూడు పరీక్షలూ చేసి అంకెలు రాసిపెట్టుకోండి, రేపు పోల్చుకోవడానికి పనికొస్తాయి.

ఆ పేజీ దగ్గర పెట్టుకునే 5వ పాఠానికి రండి. పాత పవర్ సప్లై ఊడదీసి కొత్తది బిగించడం, దాని మీది లేబుల్‌లో 12 వోల్టుల గడి చదవడం అందులో చేద్దాం.