మనుషులు లేని ఇంటి కథ రాయాలంటే ముందు కరెంటు లెక్క చూసుకోండి

ముప్ఫై ఒక్క ఏళ్ళు సబ్‌స్టేషన్‌లో లాగ్‌షీట్లు (ఏ టైముకి ఏం జరిగిందో నమోదు చేసే కాగితాలు) రాసి రిటైరయ్యాను. ఇప్పుడు కథలు రాస్తున్నాను. మా కాలనీ లైబ్రరీకి వచ్చే పిల్లలు తాము రాసిన సైన్స్ ఫిక్షన్ తెచ్చి నాకు చూపిస్తుంటారు. ఈమధ్య అందరిదీ ఒకటే కథ: మనుషులంతా పోయారు, ఇల్లు మాత్రం తన పని తాను చేసుకుపోతోంది. ఐడియా బాగానే ఉంది. చదువుతున్నంతసేపూ నాకు మాత్రం ఒకటే టెన్షన్. ఆ ఇంటికి కరెంటు ఎక్కణ్ణుంచి వస్తోంది?

ముందు అది తేల్చుకోండి. మనుషులు మాయమైన క్షణంలోనే థర్మల్ స్టేషన్లు ఆగిపోవు. బంకర్లలో బొగ్గు ఉన్న కొన్ని గంటలు నడుస్తాయి. తర్వాత ఒక్కో యూనిట్ పడిపోతుంటే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి జారుతుంది, రిలేలు (తేడా వస్తే తమంతట తామే కరెంటు ఆపే పరికరాలు) ఫీడర్లను, అంటే ఊళ్ళకు కరెంటు తీసుకెళ్ళే లైన్లను, కోసేస్తాయి, అదీ చాలకపోతే స్టేషన్లన్నిటినీ కలిపే గ్రిడ్ మొత్తం పోతుంది. గ్రిడ్ పోవడమంటే ఏమిటో 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది చూసింది. రెండో రోజు తూర్పు, ఈశాన్యం కూడా కలిపి 60 కోట్ల మందికి పైగా కరెంటు లేదు. (మన దక్షిణాది గ్రిడ్ అప్పటికింకా వాళ్ళతో కలవలేదు కాబట్టి బతికిపోయాం.) అప్పుడు ఒక్కో లైనూ మళ్ళీ ఎక్కించడానికి మనుషులున్నారు. మీ కథలో లేరు. శ్రీశైలం నిండుగా ఉన్నా, ట్రిప్ అయిన మెషీన్‌ను లేపేవాడేడీ?

"సోలార్ ఉందిగా అంకుల్" అంటారు. అక్కడే ఆగండి. ఇళ్ళ మీద మనం చూసే సోలార్ చాలావరకు గ్రిడ్‌కి కట్టింది. లైన్లో కరెంటు పోతే దాని ఇన్వర్టర్ (పలకల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే డబ్బా) కూడా తనంతట తనే ఆగిపోతుంది, ఎండ ఎంత కాస్తున్నా సరే. ఎందుకంటే స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదు. ఇప్పుడు స్తంభం మీద ఎవరూ లేరని దానికి తెలియదు. లేని మనిషి ప్రాణం కాపాడుతూ అది ఏళ్ళ తరబడి ఆగిపోయే ఉంటుంది. ఇది నేను కల్పించింది కాదు, ఆ డబ్బా పని తీరే అంత. ఇలాంటిది ఒక్కటి దొరికితే ఏడ్చే రోబోలు మీకు అక్కర్లేదు.

తర్వాతి పని, ఏది ముందు ఆగాలి, ఏది వెనక ఆగాలి అని ఒక కాగితం మీద వరుస రాసుకోవడం. 1977లో పంపిన వోయేజర్ అంతరిక్ష నౌకలను చూడండి. వాటి ప్లుటోనియం బ్యాటరీ ఏటా సుమారు 4 వాట్లు తగ్గుతుంటే, నాసా వాళ్ళు ఒక్కో పరికరాన్నీ ఆపుకుంటూ వస్తున్నారు. మీ ఇంట్లో అలా చూసుకుని ఆపేవాళ్ళు లేరు కాబట్టి ఆ వరుస ఇష్టమొచ్చినట్టు ఉంటుంది. ఫోన్‌తో నడిచే బల్బులు, సర్వర్లు పోగానే మామూలు బల్బులైపోతాయి. గోడ గడియారం పెన్సిల్ సెల్ మీద ఏడాది దాటి నడుస్తుంది, అంటే వేలు పోసి కొన్న స్పీకర్ కంటే ఎక్కువ.

ఈ రకం కథలకు పెద్దన్న, అమెరికన్ రచయిత రే బ్రాడ్‌బరీ 1950లో రాసిన ‘దేర్ విల్ కమ్ సాఫ్ట్ రెయిన్స్’. కాలిఫోర్నియాలో ఒక ఇల్లు. బాంబు పడి ఇంటివాళ్ళు పోయారు, గోడ మీద వాళ్ళ ఆకారాలు మిగిలాయి. అందరూ ఆ ఆకారాల గురించే మాట్లాడతారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం నీళ్ళు. చెట్టుకొమ్మ విరిగి వంటింటి కిటికీలోంచి పడి నిప్పంటుకుంటే, ఇల్లు తన మీద తనే నీళ్ళు చల్లుకుంటుంది. కానీ ఇన్నాళ్ళూ ఎవరూ చేయని స్నానాలకు తొట్లు నింపి, గిన్నెలు కడిగి, ఆ నిల్వ నీళ్ళు తనే అవగొట్టుకుంది.

మీ ఇంట్లోనూ అలా చడీచప్పుడూ లేకుండా తరిగిపోయే వస్తువు ఒకటి వెతకండి. మన ఇళ్ళలో అయితే ఇన్వర్టర్ బ్యాటరీ. కొన్ని నెలలకోసారి డిస్టిల్డ్ వాటర్ పోయకపోతే ఫ్లోట్ పుల్ల ఎర్రగీత దాకా దిగుతుంది. ఆ పుల్ల దిగడం ఒక పేరా రాయండి చాలు.

యంత్రాన్ని ఎలా రాయాలో నేను మా అబ్బాయి ఫ్లాట్‌లో నేర్చుకున్నాను. వాళ్ళు మూడు వారాలు ఊళ్ళో లేరు. తులసికి నీళ్ళు పోయడానికి వెళ్ళి, ఫ్లాస్కులో కాఫీ ఉంటే సోఫాలో కూర్చున్నాను. పదింటికి ఊడ్చే రోబో బయటికొచ్చింది. నిన్న తానే ఊడ్చిన గచ్చును మళ్ళీ ఊడవడం మొదలుపెట్టింది. నా కాలికి తగిలి, కుర్చీ కాలు అనుకుందో ఏమో, పక్కకి తిరిగి వెళ్ళింది. అరగంటకి చెప్పుల స్టాండు దగ్గర మనవరాలి శాండిల్ పట్టీ బ్రష్‌కి చుట్టుకుంది. ఆగి, ఆడగొంతుతో ఇంగ్లీషులో, దయచేసి బ్రష్ చూడండి అంది. నేను లేవలేదు. కాసేపటికి మళ్ళీ అంది, అదే గొంతు, అదే మర్యాద. ఆ తర్వాత లైటు ఆరింది. నేను ఇంటికొచ్చి రాసుకున్నది అంతే, టైముతో సహా. విసుగనీ, దిగులనీ ఒక్క మాట కలపలేదు. లాగ్‌షీట్‌లో ‘ఫీడర్ పాపం ట్రిప్ అయింది’ అని రాయం కదా.

ఇంకొక్క మాట. ఖాళీ ఇంట్లో తెల్లవారుజామున స్పీకర్ సుప్రభాతం వేసే సీను వద్దు. నా దగ్గరికి వచ్చిన నాలుగు కథల్లో మూడు దానితోనే మొదలయ్యాయి. పైగా నెట్ లేకపోతే అది పాడదు, సారీ చెబుతుంది.

ముగింపు ఇంట్లోనే ఉండాలని రూలేమీ లేదు. మనిషి లేకుండా నడిచే యంత్రం మన పల్లెలకు కొత్తేమీ కాదు. రాత్రి ఒంటిగంటకి కరెంటు వచ్చేది, రైతు నిద్రలో ఉండేవాడు, ఆటోస్టార్టర్ మోటారును లేపేది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు, మోటార్లు ఆగకుండా నడవకూడదని ఆ స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు పొలాల్లో సోలార్ పంపులు వచ్చాయి. వాటికి గ్రిడ్ అక్కర్లేదు, బ్యాటరీ కూడా ఉండదు. స్విచ్ ఆన్‌లో వదిలేసి ఉంటే పొద్దెక్కగానే నీళ్ళు పోస్తాయి, పొద్దుగూకితే ఆగుతాయి.

నా కథ అక్కడికి చేరి ఆగింది. పొలం గట్టు తెగింది, మడి కుంట అయింది, కొంగలు దిగాయి. బోరు మోటారు పదేళ్ళు నడుస్తుందనుకుందాం. పదకొండో ఏడు వర్షాకాలం, పలకల మీద పిచ్చితీగ పాకుతోంది. ముందు తీగ కమ్మేయాలా, మోటారు కాలాలా అన్నది ఇంకా తేలలేదు.