అద్దెకున్నవారికే ఇల్లు అమ్మేటప్పుడు

బెంగళూరులో అద్దె ఇల్లు అమ్మకానికి పెడితే ఆదివారం వచ్చిందంటే చూసేవాళ్ల రాకపోకలే. పాపం, అందులో కాపురమున్నవారికి ఊపిరాడదు. అందుకే మారతహళ్లిలోని మా ఇంటికి బ్రోకరును పిలవకముందే అద్దెకున్నవారినే కొంటారా అని అడిగి, నెల గడువిచ్చాను. కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖవారి కావేరి పోర్టల్‌లో ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే పత్రం) తీసి, ఈ-ఖాతా (నగరపాలక సంస్థ ఇచ్చే ఆస్తి రికార్డు)తో కలిపి ముందు వాళ్ల బ్యాంకుకే చూపించమన్నాను. లోను సంగతి అక్కడే తేలిపోతుంది. వాళ్ల అడ్వాన్సును ధరలో మినహాయిస్తామనీ, రిజిస్ట్రేషన్ దాకా అద్దె కొనసాగుతుందనీ అగ్రిమెంటులో రాయించాం. ధర 50 లక్షలు, ఆపైన అయితే కొనేవారు 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ముందే కోసే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి, దీన్ని మరిచిపోకండి. అమ్మేవారు విదేశాల్లో స్థిరపడినవారైతే మాత్రం ఈ 1 శాతం లెక్క చెల్లదు, ముందే ఆడిటరును అడగాలి.