మేడ మీదకి వైఫై బ్రిడ్జ్ పెడుతున్నారా, ముందు ఇవి చూసుకోండి

కింద రౌటర్ ఉండి పైగదిలో టీవీకో కెమెరాకో నెట్ కావాలని బ్రిడ్జ్ (రౌటర్ వైఫైని అందుకుని పైనున్న డివైస్‌కి నెట్ ఇచ్చే పెట్టె) కొనేవాళ్ళకి ఒక మాట, దాన్ని గోడకి బిగించేయకముందే టేబుల్ మీద పెట్టి, లాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి సెట్టింగ్స్ అన్నీ పూర్తి చేసుకోండి, తర్వాత నిచ్చెన ఎక్కి దిగే బాధ ఉండదు.

వైఫై పేరు రౌటర్‌లో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే కొట్టాలి, పెద్ద ఇంగ్లీష్ అక్షరం బదులు చిన్నది పడినా కలవదు. ఎన్‌క్రిప్షన్ (వైఫైకి తాళం వేసే పద్ధతి) దగ్గర డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ పెట్టండి. టికెఐపి అనే పాత పద్ధతి పెడితే సేఫ్టీ తక్కువ, పైగా స్పీడ్ 54 ఎంబీపీఎస్ దాటదు, చాలామంది ఇది తెలియక బ్రిడ్జ్‌నే తిడతారు. రౌటర్‌లో దాని తర్వాత వచ్చిన ఒట్టి డబ్ల్యూపీఏ3 పెట్టి ఉంటే పాత బ్రిడ్జ్ అస్సలు కలవదు, అప్పుడు రౌటర్‌ని డబ్ల్యూపీఏ2, 3 కలిపి ఉండే మోడ్‌కి మార్చండి.

మా ఇంట్లో ఒక పూటంతా తిన్నది ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఒక్కో డివైస్‌కి ఉండే నంబర్), రౌటర్‌కీ బ్రిడ్జ్‌కీ రెండిటికీ 192.168.1.1 ఉంది. బ్రిడ్జ్‌కి 192.168.1.250 ఇచ్చి, అందులో డీహెచ్‌సీపీ (డివైస్‌లకి ఆ నంబర్లు తానే పంచే సెట్టింగ్) ఆపేశాక వెంటనే సెట్ అయింది (ఆ నంబర్ ఇంకో డివైస్‌కి లేకుండా చూసుకోండి).

ఇంకోటి, పాస్‌వర్డ్ మార్చేటప్పుడు ముందు పైనున్న బ్రిడ్జ్‌లో మార్చి సేవ్ చేయండి, లింక్ పోతుంది, కంగారు పడొద్దు, తర్వాత రౌటర్‌లో అదే పెట్టగానే తిరిగి కలుస్తుంది, అదే రౌటర్‌లో ముందు మార్చారా, కేబుల్ పట్టుకుని పైకెక్కాల్సిందే.