చిన్న తుపాకీతో గురి కుదరడం లేదా? లక్షణం, కారణం, పరిష్కారం

ఒడిశాలోని పర్లాకిమిడి, బరంపురం, రాయగడ వైపు తుపాకీ లైసెన్సున్న మన తెలుగువాళ్లలో ఎక్కువమంది వ్యాపారస్తులే. రైసుమిల్లు, పెట్రోలు బంకు, బంగారం కొట్టు. పొద్దుపోయాక క్యాష్ పట్టుకుని ఇంటికి రావాలి. అందుకే షాపులోకి అడుగుపెట్టగానే అడిగేది "అన్నిటికన్నా చిన్నది చూపించండి" అని. కొన్నాళ్లకి రేంజ్‌కి (కాల్పులు సాధన చేసే చోటుకి) వచ్చి, కాగితం మీద ఒక్కటీ సరిగా తగలక, తుపాకీ మంచిది కాదంటారు. నేను చూసినంతలో చాలావరకు అది ఆ చేతికి నప్పని తుపాకీ అయి ఉంటుంది.

చిన్న తుపాకీ పేల్చడం పెద్దదానికంటే కష్టం. బారెల్ (గొట్టం) పొట్టిది కాబట్టి గురి చూసే గుర్తులైన ముందు సైటుకీ వెనక సైటుకీ మధ్య దూరం తక్కువ, చెయ్యి కాస్త వణికినా గురి బాగా తప్పుతుంది. బరువు తగ్గేకొద్దీ తన్ను, అంటే పేలినప్పుడు తుపాకీ వెనక్కి కొట్టే దెబ్బ, పెరుగుతుంది. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి చోటుండదు.

మనకి దొరికే రకాలు కూడా తక్కువే. 9 ఎం.ఎం. ప్రొహిబిటెడ్ బోర్ (నిషేధించిన సైజు), సాధారణ లైసెన్సు మీద రాదు. మిగిలింది ముఖ్యంగా .32, ఆ తర్వాత .22. 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ అర కిలో. 2023లో వచ్చిన ప్రబల్ దాదాపు 700 గ్రాములు, సిలిండర్ (తూటాలు పెట్టే గుండ్రటి భాగం) పక్కకి తెరుచుకుంటుంది. .22 నిడర్ అయితే పావు కిలోయే. సిలిండర్ బదులు మ్యాగజైన్‌లో తూటాలు పెట్టే పిస్టల్ కావాలంటే .32 అశని ఉంది. .32 రివాల్వర్ తూటా, .32 పిస్టల్ తూటా ఒకటి కావు. కొనేటప్పుడు ఆ తేడా చూసుకోండి.

కింద చెప్పే వాటిలో షాపులో చేసే పరీక్షలన్నీ ఖాళీ తుపాకీతోనే. షాపతను చూసి ఇచ్చినా మీరు మళ్లీ తెరిచి చూడండి. బారెల్ మనిషి వైపు తిప్పవద్దు.

తూటాలు ఎడమకి, కిందికి పడుతున్నాయి

కుడిచేతివాళ్ల సంగతి ఇది. ఎడమచేతివాళ్లకి కుడికి, కిందికి పడతాయి. రేంజ్‌లో అందరికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు ఇదే. కారణాలు మూడు, మందు మాత్రం దేనికదే.

మొదటిది వేలు అందకపోవడం. నాకు వరసకి బావగారు ఒకాయన, మిల్లు ఓనరు. అరచెయ్యి వెడల్పు, వేళ్లు పొట్టి. రివాల్వర్ పట్టుకుంటే వేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కి తగిలేది. అందుకోవడానికి ఆయనకి తెలియకుండానే పిడిని అరచేతిలో పక్కకి తిప్పి పట్టేవారు. "బావగారూ, అలాగే ఉండి మీ చెయ్యి చూసుకోండి" అన్నాను. ముంజెయ్యి ఒక దిక్కు, బారెల్ ఇంకో దిక్కు. తన్నంతా బొటనవేలి కీలు మీద పడుతోంది. "అందుకేనా ఈ నొప్పి?" అన్నారాయన, కీలు నొక్కుకుంటూ.

షాపులో చూడాల్సిన మొదటి పరీక్ష ఇదే. ముంజెయ్యి, బారెల్ ఒకే గీతలో ఉండేలా ముందు పిడి పట్టుకోండి. ఆ తర్వాతే వేలు ట్రిగ్గర్ మీద పెట్టండి. పిస్టల్‌కి వేలి మొదటి కణుపు మెత్తటి భాగం, రివాల్వర్‌కి మొదటి మడత దాకా రావాలి. పట్టు తిప్పకుండా అంతవరకు రాకపోతే ఆ తుపాకీ పక్కన పెట్టండి, లేదా పిడికి సన్నటి గ్రిప్ పలకలు దొరుకుతాయేమో అడగండి. వేళ్లు మరీ పొడుగైతే ట్రిగ్గర్ రెండో మడత దాకా పోయి తూటా కుడికి లాగుతుంది. అలాంటివాళ్లకి లావు పిడి కావాలి.

రెండోది ట్రిగ్గర్ బరువు. హ్యామర్ (తుపాకీ వెనక ఉండే సుత్తి ముక్క) వెనక్కి లాగకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే పట్టే బలం, అర కిలో తుపాకీ బరువుకి ఎన్నో రెట్లు. వేలితో పాటు మిగతా వేళ్లు కూడా బిగుసుకుంటాయి, మూతి (బారెల్ ముందు కొస) కిందికి వంగుతుంది. షాపువాళ్లని అడిగి డమ్మీ రౌండ్లు (పేలని నకిలీ తూటాలు) వేయించి, గోడ మీద ఒక చుక్క చూస్తూ పదిసార్లు నొక్కండి. చివరికొచ్చేసరికి ముందు సైటు చుక్క మీద నిలవకపోతే ఆ ట్రిగ్గర్ మీకు బరువే. హ్యామర్ వెనక్కి లాగి పేలిస్తే తేలిగ్గానే ఉంటుంది, కానీ టెన్షన్‌లో అలా లాగిపెట్టిన తుపాకీ వేలు తగిలితే చాలు పేలిపోతుంది. దాన్ని నమ్ముకుని కొనడం నాకు ఇష్టం లేదు.

మూడోది భయం. చప్పుడుకి ముందే చెయ్యి దాన్ని ఎదుర్కోవాలని కిందికి తోస్తుంది. ఇది తెలుసుకోవాలంటే రేంజ్‌లో పక్కవాళ్లతో సిలిండర్ నింపించండి, మధ్యలో ఒకటి రెండు పేలిపోయిన ఖాళీ కేసులు పెట్టమనండి. ఏది ఎక్కడుందో మీకు తెలియకూడదు. హ్యామర్ ఖాళీ మీద పడినప్పుడు మూతి కిందికి వంగితే ఇక అనుమానం లేదు. చెవులకి ప్లగ్గులు పెట్టి పైన చెవులు కప్పే మఫ్స్ కూడా వేసుకోండి, సగం భయం చప్పుడు వల్లే. లైసెన్సులో తూటాలకి పరిమితి ఉంటుంది కాబట్టి మిగతా సాధన ఇంట్లో డమ్మీ రౌండ్లతో చెయ్యాలి. .22ని మాత్రం ఖాళీగా పేల్చకండి. దాని పిన్ను తూటా అంచు మీద కొట్టేది, ఖాళీగా కొడితే చాంబర్ అంచు దెబ్బతింటుంది.

పిస్టల్ స్లైడ్ లాగలేకపోతున్నారు

స్లైడ్ అంటే పిస్టల్ మీద ముందుకీ వెనక్కీ జరిగే భాగం. .32 పిస్టళ్లు ఎక్కువగా బ్లోబ్యాక్ రకం. పేలినప్పుడు వెనక భాగాన్ని ఆపేది స్లైడ్ బరువూ స్ప్రింగూ మాత్రమే, అందుకే స్ప్రింగు గట్టిగా ఉంటుంది. బరంపురంలో కొట్టు నడిపే ఒక వదినగారికి ఇదే ఇబ్బంది. "నా వల్ల కాదు, రివాల్వర్ చూపించు తమ్ముడూ" అన్నారు. స్లైడ్‌ని రెండు వేళ్లతో గిల్లినట్టు కాకుండా అరచేతితో పైనుంచి పట్టి, పిస్టల్‌ని రొమ్ముకి దగ్గరగా ఉంచి, కుడిచేతిని ముందుకి తోయమన్నాను. మూతి ఎదుటి గోడ వైపే ఉండాలి, పక్కకి తిరగకూడదు. అలా చేస్తే లాగగలిగారు. అలా కూడా రాని వాళ్లకి, కీళ్లవాతం ఉన్నవాళ్లకి రివాల్వరే సరి.

పిస్టల్ మధ్యలో ఇరుక్కుంటోంది

ముందు మ్యాగజైన్, నూనె, తూటాలు చూడండి. అవి బాగుంటే అదే పిస్టల్‌ని మణికట్టు గట్టిగా ఉన్న మరొకరితో పేల్పించండి. వాళ్ల చేతిలో ఇరుక్కోకపోతే మీ మణికట్టు వదులైనట్టే. చెయ్యి కూడా వెనక్కి పోతే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాదు, ఖాళీ కేసు బయటకి పడదు. తేలికైన పిస్టళ్లలో ఇది ఎక్కువ. రెండు చేతులతో పట్టి, మోచేతులు బిగించి చూడండి.

బొటనవేలి పక్క చర్మం కోసుకుపోతోంది

చెయ్యి పెద్దది, పిడి పైన వెనక్కి పొడుచుకొచ్చే తోక చిన్నది. వెనక్కి వచ్చే స్లైడ్ చర్మాన్ని కొరుకుతుంది. కాస్త కిందికి పట్టుకుంటే తగ్గుతుంది గానీ, అప్పుడు తన్ను పెరిగి గురి చెడుతుంది. వేరే తుపాకీ చూసుకోవడమే మేలు.

ముందు సైటు మసకగా ఉంది

నలభై దాటినవాళ్లకి చత్వారం. ముందు సైటు స్పష్టంగా కనిపించాలి, టార్గెట్ కాస్త మసకైనా పర్వాలేదు. కంటి డాక్టరుకి చెయ్యి చాచినంత దూరానికి అద్దాలు కావాలని చెప్పండి. సన్నటి గీత సైట్లున్న తుపాకీ కన్నా వెడల్పు సైటున్నది ఎంచుకోండి. అవసరమైతే సైటు కొసకి తెల్లరంగు చుక్క పెట్టించండి.

కొన్నది బీరువాలోనే ఉండిపోతోంది

మా సరిహద్దు ఊళ్ల ప్రత్యేకమైన సమస్య ఇది. పర్లాకిమిడి దాటితే పాతపట్నం, అది ఆంధ్ర. బరంపురం నుంచి కిందికి వస్తే ఇచ్ఛాపురం, అదీ ఆంధ్రే. లైసెన్సు గజపతి జిల్లాకో ఒడిశాకో పరిమితమైతే, సంతకి వెళ్లినా పెళ్లికి వెళ్లినా తుపాకీ అవతలికి తీసుకెళ్లకూడదు. కేసవుతుంది. జేబులో పట్టాలని చిన్నది కొంటారు, తీరా వారంలో సగం రోజులు ఆ పక్కే పని.

అందుకని తుపాకీ చూడకముందే లైసెన్సు తెరిచి ఏరియా ఎంతవరకు రాశారో చూడండి. మీ దారులు అవతలి రాష్ట్రంలో ఉంటే ఏరియా పెంచమని కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టుకోవాలి. అది వచ్చేదాకా తుపాకీ ఇంట్లోనో మిల్లులోనో తాళం వేసి ఉండేదే కాబట్టి చిన్నదాని అవసరమే లేదు, పొడుగు బారెల్, నిండు పిడి, కాస్త బరువు ఉన్నది తీసుకోండి. అనుమతి ఉండి వెంట తీసుకెళ్లేవాళ్లు హోల్‌స్టర్‌లో, బయటకి కనిపించకుండా పెట్టుకోవాలి, రూల్సు కూడా అదే చెబుతాయి. ఎన్నికలప్పుడు స్టేషన్‌లో అప్పగించమని ఆర్డరు వస్తే రసీదు తీసుకుని, తిరిగి తెచ్చుకున్నాక ముందు నూనె పెట్టి తుడవండి. సముద్రం దగ్గరుండే బరంపురంలో తుప్పు పట్టడానికి ఎక్కువ రోజులు పట్టదు.