మొదటి కాయిల్ బిగించే ముందు

నేను కొన్న మొదటి వేప్ (ఈ-సిగరెట్) కాయిల్ ఆయుష్షు ఒకటిన్నర నిమిషం. ప్యాకెట్ విప్పాను, ట్యాంకులో బిగించాను, లిక్విడ్ పోశాను, బటన్ నొక్కి గట్టిగా ఒక దమ్ము లాగాను. గొంతులో కాలిన గుడ్డ కుక్కినట్టయింది. కళ్లల్లో నీళ్లు, ఆగని దగ్గు. ఆ తర్వాత ఎంత లిక్విడ్ పోసినా మాడు వాసన వదల్లేదు. ఇందులో కాయిల్ తప్పేమీ లేదు. దాని ఒంటి మీద చిన్న అక్షరాల్లో రాసి ఉన్నది నేను చదవలేదు, లోపలి దూది తడిసేదాకా ఆగలేదు. కొత్తవాళ్లు వచ్చి "నా కాయిల్ పాడైంది" అని చెప్పినప్పుడల్లా ఆరా తీస్తే చాలాసార్లు ఈ రెండింట్లో ఏదో ఒకటే బయటపడుతుంది.

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక మాట. సిగరెట్ అలవాటు లేనివాళ్లు, పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లు ఇది ఇక్కడితో ఆపేయొచ్చు. వేప్ జోలికి వెళ్లకపోవడం కంటే వాళ్లకు మంచి జాగ్రత్త లేదు. నికోటిన్ పట్టుకుంటే వదలదు, ఈ ఆవిరి నీటి ఆవిరి లాంటిదీ కాదు. కొన్ని దేశాల్లో వేప్ అమ్మకం మీద పూర్తి నిషేధం ఉంది, కాబట్టి మీరున్న చోట చట్టం ఏమంటోందో ముందు తెలుసుకోండి. ఇక్కడి నుంచి రాసేదంతా సిగరెట్ మానే ప్రయత్నంలో ఈ పరికరం చేతిలోకి తీసుకున్న పెద్దవాళ్ల కోసం.

లోపల ఏముంది

కాయిల్ చూడటానికి వేలి కొసంత లోహపు గొట్టం. పక్కల్లో రెండు మూడు చిల్లులు, వాటిలోంచి తెల్లగా కనిపించేది దూది. దూది మధ్యలో స్ప్రింగులా చుట్టిన సన్నటి తీగ ఉంటుంది. తీగ బదులు జల్లెడలా కన్నాలున్న పల్చటి రేకు ఉంటే దాన్ని మెష్ అంటారు. ప్రమిదలో వత్తి నూనె పీల్చుకున్నట్టే దూది ట్యాంకులోని లిక్విడ్‌ని పీల్చుకుంటుంది, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. తడి ఉన్నంతసేపు ఆ వేడి లిక్విడ్‌ని ఆవిరి చేయడానికే సరిపోతుంది కాబట్టి దూది కాలదు. తడి ఆరిందా, ఇక కాలేది దూదే.

మాడితే చెడేది రుచి ఒక్కటే కాదు. అతిగా వేడెక్కిన లిక్విడ్ విడిపోయి ఫార్మాల్డిహైడ్, అక్రోలిన్ లాంటి విషపదార్థాలు పుడతాయి. మాడు వాసన తగిలితే "ఇంకొక్క దమ్ము చూద్దాం" అనుకోకండి. అక్కడే ఆపండి.

మెష్ మంచిదా, తీగ మంచిదా అని చాలామంది అడుగుతారు. మెష్ వెడల్పుగా, సమంగా వేడెక్కుతుంది కాబట్టి ఒకచోట మాడి ఒకచోట పచ్చిగా ఉండటం తక్కువ, రుచి బాగుంటుంది. కానీ లిక్విడ్ ఎక్కువ తాగుతుంది. ఈ ఎంపిక గురించి పెద్దగా టెన్షన్ పడక్కర్లేదు. అసలు చూడాల్సింది అంకెలు.

ఒంటి మీద రాసిన రెండు అంకెలు

చాలా కాయిల్స్ మీద రెండు సంగతులు రాసి ఉంటాయి. ఒకటి ఓమ్‌లలో నిరోధం, రెండోది ఎన్ని వాట్ల నుంచి ఎన్ని వాట్ల వరకు వాడొచ్చో. ఉదాహరణకు 0.4 ఓమ్‌లు, 50–60 వాట్లు. అక్షరాలు మరీ చిన్నగా ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి పెద్దది చేసుకుని చూడండి. నేను ఇప్పటికీ అదే చేస్తాను.

నిరోధం తగ్గేకొద్దీ కరెంటు ఎక్కువ పారుతుంది. ఇది బళ్లో చదువుకున్న ఓమ్ నియమమే: వోల్టేజీని నిరోధంతో భాగిస్తే కరెంటు వస్తుంది. పూర్తిగా ఛార్జయిన ఒక లిథియం బ్యాటరీ 4.2 వోల్టులు ఇస్తుంది. దానికి 1.2 ఓమ్‌ల కాయిల్‌ని నేరుగా తగిలిస్తే పారేది 3.5 ఆంపియర్లు, పుట్టే శక్తి 15 వాట్లకు కాస్త తక్కువ. 0.6 ఓమ్‌లైతే 7 ఆంపియర్లు. 0.15 ఓమ్‌లకు దిగితే 28 ఆంపియర్లు, దాదాపు 118 వాట్లు. నిరోధం ఎనిమిదో వంతయితే కరెంటు ఎనిమిదింతలు. అంకె చిన్నదైతే ప్రమాదం కూడా చిన్నదనుకునేవాళ్లున్నారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది.

సిగరెట్ నుంచి వచ్చేవాళ్లకు 1 ఓమ్, అంతకు పైన ఉన్న కాయిల్ సరిపోతుందని నా అభిప్రాయం. సిగరెట్ తాగేటప్పుడు పొగని ముందు నోట్లోకి లాగి, తర్వాత ఊపిరితిత్తుల్లోకి పంపుతాం కదా. ఈ కాయిల్స్ ఆ లాగుడుకే తయారుచేసినవి. 8 నుంచి 15 వాట్ల దగ్గర పనిచేస్తాయి, ఆవిరి తక్కువ, లిక్విడ్ ఖర్చు తక్కువ, బ్యాటరీ మీద భారం తక్కువ. ఊపిరి పీల్చినట్టు నేరుగా లోపలికి లాగేవాళ్లకు 0.5 ఓమ్‌ల కంటే తక్కువవి. 1 ఓమ్ కంటే తక్కువ ఉన్న వాటన్నిటినీ కలిపి సబ్ ఓమ్ అంటారు. గది నిండిపోయేంత మేఘాలు వదిలేవాళ్లని చూసి మొదటి రోజే అందులోకి దిగితే దగ్గు తప్ప ఏమీ మిగలదు.

లిక్విడ్ చూడకుండా కాయిల్ ఎంచుకోకండి

లిక్విడ్‌లో ఉండేవి ముఖ్యంగా రెండు: ప్రొపిలీన్ గ్లైకాల్ పల్చగా, వెజిటబుల్ గ్లిసరిన్ చిక్కగా ఉంటాయి. సీసా మీద వీటి పాళ్లు రాసి ఉంటాయి. చిన్న చిల్లులున్న 1 ఓమ్ కాయిల్‌కి సగం సగం కలిసినది సరిపోతుంది. గ్లిసరిన్ 70 శాతం, ఆ పైన ఉన్నది తేనెలా కదులుతుంది, ఆ చిల్లుల్లోంచి వేగంగా పోలేదు. ట్యాంకు నిండుగా కనిపిస్తుంది, లోపల దూది ఆరిపోతూ ఉంటుంది. పల్చటి లిక్విడ్‌ని పెద్ద చిల్లుల సబ్ ఓమ్ కాయిల్‌లో పోస్తే కథ ఇంకోలా ఉంటుంది: కింద నుంచి కారుతుంది, గుడగుడమంటుంది, వేడి చుక్కలు నాలుక మీద చిందుతాయి.

నికోటిన్ మోతాదు దగ్గర పొరపాటు చేస్తే మాత్రం ఒళ్లు చెప్పేస్తుంది. నికోటిన్ సాల్ట్ లిక్విడ్లు, అంటే గొంతులో మంట తగ్గేలా నికోటిన్‌ని ఆమ్లంతో కలిపి చేసినవి, మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములు, కొన్ని దేశాల్లో అంతకంటే ఎక్కువతో కూడా వస్తాయి. యూరోపియన్ యూనియన్‌లో చట్టం ఒప్పుకునే గరిష్ఠం 20. ఈ లిక్విడ్లు తక్కువ ఆవిరి ఇచ్చే 1 ఓమ్ కాయిల్స్ కోసం. అదే లిక్విడ్‌ని 60 వాట్ల సబ్ ఓమ్ కాయిల్‌లో పోస్తే ఒక్కో దమ్ములో వచ్చే ఆవిరి ఎన్నో రెట్లు, నికోటిన్ కూడా అన్ని రెట్లు. తల తిరగడం, వికారం, చెమటలు, గుండె దడ వస్తాయి. సబ్ ఓమ్ వాడేవాళ్లు సాధారణంగా 3 నుంచి 6 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటారు.

నూనె కలిసినది ఏదీ ట్యాంకులో పోయకండి. వంటనూనె, సుగంధ తైలం, విటమిన్ చుక్కలు, పేరు తెలియని సీసా, ఏదైనా సరే. అమెరికాలో 2019లో వేప్ వాడినవాళ్లకు ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఉదంతంలో 2020 ఫిబ్రవరి నాటికి 2,807 మంది ఆస్పత్రిపాలైన లేదా చనిపోయిన కేసులు నమోదయ్యాయి, వాళ్లలో 68 మంది మరణించారు. గంజాయి సారం ఉన్న దొంగచాటు కార్ట్రిడ్జిల్లో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ అనే జిడ్డు పదార్థానికి దానితో గట్టి సంబంధం ఉందని తేలింది.

బిగించే పదిహేను నిమిషాలు

తొందరపడేవాళ్లకు నచ్చని భాగం ఇది. అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే.

పరికరం ఆపేయండి. కాయిల్ మీ ట్యాంకుకో పాడ్‌కో (చిన్న పరికరాల్లో ట్యాంకు బదులు ఉండే డబ్బీ) సరిపోయేదేనా చూడండి. ఒకే కంపెనీవే అయినా ఒకదానివి ఇంకోదాంట్లో పట్టకపోవచ్చు, పట్టినట్టే అనిపించి కారనూ వచ్చు. చుట్టూ ఉండే సన్నటి రబ్బరు రింగు చోటులోనే ఉందా, నలిగిందా గమనించండి. లిక్విడ్ కారడానికి చాలాసార్లు ఆ రింగే కారణం.

ఇప్పుడు దూది తడపాలి. పక్క చిల్లుల్లో తెల్లగా కనిపించే చోట ఒక్కో చుక్క వేయండి. చుక్క మొదట పైనే గుండ్రంగా నిలబడి, తర్వాత మెల్లగా లోపలికి ఇంకుతుంది, తెల్లదనం మసకబారుతుంది. ఇంకాకే రెండో చుక్క. పై నుంచి గొట్టంలోకి రెండు చుక్కలు చాలు, ఎక్కువ పోస్తే నోట్లోకే వస్తుంది. తర్వాత కాయిల్ బిగించండి. వేళ్లతో ఆగినంత చాలు, పట్టకారుతో బిగిస్తే తర్వాత ఊడదు. ట్యాంకు నింపి పది నిమిషాలు పక్కన పెట్టండి. చిక్కటి లిక్విడ్ అయితే పదిహేను.

ఆన్ చేశాక కొన్ని పరికరాలు "కొత్త కాయిలా?" అని అడుగుతాయి. చల్లగా ఉన్నప్పుడే అవునని చెప్పండి. వేడిగా ఉన్నప్పుడు కొలిస్తే నిరోధం తప్పు చూపిస్తుంది. తెర మీద కనిపించే ఓమ్‌లు కాయిల్ మీద రాసినదానికి దగ్గరగా ఉండాలి. 0.4 కాయిల్‌కి 0.38 చూపిస్తే పర్వాలేదు. 0.1 చూపించినా, షార్ట్ అని రాసినా నొక్కకండి. విప్పి, అడుగున తడి తుడిచి, మళ్లీ బిగించండి. అప్పటికీ మారకపోతే ఆ కాయిల్ పక్కన పడేయండి.

వాట్లు ఎప్పుడూ కాయిల్ మీద రాసిన వాట్లలో చిన్న అంకె కంటే కాస్త తక్కువ నుంచే మొదలుపెట్టాలి. 50–60 అని రాసి ఉంటే 40 దగ్గర నాలుగైదు చిన్న దమ్ములు, తర్వాత ఐదేసి చొప్పున పెంచుతూ రుచి బాగున్న చోట ఆగిపోవచ్చు. 60 రాసి ఉందని 60కి వెళ్లాల్సిన పని లేదు. ఒక దమ్ముకీ ఇంకో దమ్ముకీ మధ్య కాస్త వ్యవధి ఇవ్వండి, దూది మళ్లీ తాగాలి కదా.

ఎప్పుడు మార్చాలి

మామూలుగా ఒకటి రెండు వారాలు. తియ్యటి లిక్విడ్లైతే అంతకంటే ముందే. వాటిలోని సుక్రలోజ్ అనే తీపి పదార్థం తీగ మీద పాకంలా పేరుకుని నల్లటి పెచ్చు కడుతుంది. రుచి మందగించడం, లిక్విడ్ రంగు ముదరడం, కొంచెం మాడు తగలడం వచ్చాయంటే కాయిల్ పని అయిపోయినట్టే. కడిగి ఆరబెట్టి వాడేవాళ్లని చూశాను. పెచ్చు కొంత పోతుందేమో గానీ కాలిన దూది మళ్లీ మామూలు దూది కాదు.

ఇక్కడ పొదుపు వద్దనడానికి ఇంకో కారణం లోహాలు. 2018లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు రోజూ వేప్ వాడే 56 మంది పరికరాలు తీసుకుని పరీక్షించారు. సీసాలో ఉన్నప్పుడు లిక్విడ్‌లో లోహాలు తక్కువే, కాయిల్‌ని తాకాక మాత్రం సీసం, నికెల్, క్రోమియం పెరిగాయి. అంటే కొంత కాయిల్ నుంచే వస్తోంది. కొత్త కాయిల్ వేస్తే ఇది సున్నా అయిపోదు. కానీ తుప్పు మరకలున్నది, నకిలీదని అనుమానం ఉన్నది, పెట్టె మీద ముద్ర చెదిరినది వాడటంలో అర్థం లేదు.

తీగ దేనితో చేశారన్నదీ చూడండి. పరికరాల్లో రెండు పద్ధతులుంటాయి: వాట్లు మనమే పెట్టుకునే మామూలు పద్ధతి, ఉష్ణోగ్రతని పరికరమే అదుపు చేసే పద్ధతి. కాంతల్ (ఇనుము, క్రోమియం, అల్యూమినియం మిశ్రమం), నైక్రోమ్ (నికెల్, క్రోమియం మిశ్రమం) తీగలని మామూలు వాట్ల పద్ధతిలో వాడొచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్ రెండు పద్ధతులకూ పనికొస్తుంది. స్వచ్ఛమైన నికెల్, టైటానియం తీగలు ఉష్ణోగ్రతని అదుపు చేసే పద్ధతిలో మాత్రమే. వాటిని ఎర్రగా కాల్చకూడదు. నికెల్ పడనివాళ్లకు, చవక గొలుసు వేసుకుంటే మెడ మీద దద్దుర్లు వచ్చేవాళ్లకు, నికెల్, నైక్రోమ్ రెండూ వద్దు. స్టీల్‌లో కూడా నికెల్ ఉంటుంది. కాంతల్ వాళ్లకు నయం.

సొంతంగా తీగ చుట్టుకునే సరదా ఉంది కొందరికి. మొదటి ఏడాది దాని జోలికి పోవద్దు. మీటరుతో నిరోధం కొలవడం, బ్యాటరీ ఎన్ని ఆంపియర్లు తట్టుకుంటుందో లెక్క వేయడం రాకుండా తీగ చుట్టడం ఫ్యూజు లేని ఇంట్లో వైరింగ్ చేసినట్టు. రక్షణ సర్క్యూట్ లేని మెకానికల్ పరికరాలైతే మరీ. 2018లో ఫ్లోరిడాలో వేప్ పేలి ఒకరు ప్రాణం పోగొట్టుకున్నారు.

బ్యాటరీ సంగతి

కాయిల్ గురించి రాస్తూ బ్యాటరీ ఎందుకంటే, కాయిల్ ఎంత అడిగితే అంతా ఇవ్వాల్సింది అదే. చిప్ ఉన్న పరికరాల్లో లెక్క వాట్లతో నడుస్తుంది: ఒకే బ్యాటరీతో 60 వాట్లు పెడితే, అది 3.4 వోల్టులకు దిగేసరికి దాదాపు 18 ఆంపియర్లు లాగుతుంది. అంటే ఛార్జి తగ్గేకొద్దీ బ్యాటరీ మీద భారం పెరుగుతుంది. 18650 అనే సైజు, అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న బ్యాటరీల్లో పేరున్న తయారీదారుల మంచి రకాలు కూడా ఆగకుండా ఇవ్వగలిగేది సాధారణంగా 20, 30 ఆంపియర్ల లోపే. ఒకే లేబుల్ మీద 3500 ఎంఏహెచ్ (ఎంత ఛార్జి పడుతుందో చెప్పే అంకె), 40 ఆంపియర్లు రెండూ కనిపిస్తే ఆ లేబుల్ అబద్ధం చెబుతోంది.

పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు కాస్త చిరిగినా ఆ బ్యాటరీ వాడకండి. విడి బ్యాటరీని తాళాలు, చిల్లరతో కలిపి జేబులో వేసుకోకండి, షార్టై ప్యాంటు అంటుకున్న సంఘటనలున్నాయి. ప్లాస్టిక్ డబ్బాలో పెట్టుకోండి. దిండు కింద ఛార్జింగ్, ఎండలో ఆపిన కారు డ్యాష్‌బోర్డు రెండూ వద్దు. వేప్‌ని అనుమతించే చోట విమానం ఎక్కితే పరికరం, బ్యాటరీలు చేతి సంచిలోనే ఉండాలి, లగేజీలో వేయకూడదు. ట్యాంకు ఖాళీ చేసుకోండి, గాలి పీడనం మారితే కారుతుంది.

కాయిల్ మార్చేటప్పుడు కింద పాత గుడ్డ పరుచుకోండి. లిక్విడ్ చేతికి అంటితే వెంటనే సబ్బుతో కడగాలి, నికోటిన్ చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది. పండ్ల వాసన, రంగురంగుల సీసా చిన్నపిల్లలకు తాగాలనిపించేలా ఉంటాయి, వాళ్లకు కొంచెం మింగినా ప్రాణాపాయమే. మూత బిగించి, వాళ్ల చేతికందని చోట తాళం వేసి పెట్టండి. పాత కాయిల్ దూదిలో కూడా నికోటిన్ మిగిలే ఉంటుంది, కాబట్టి దాన్ని కాగితంలో చుట్టి, మూత ఉన్న డబ్బాలో వేశాకే చెత్తలో పడేయండి.