పాత కారు, పసుపు దీపం – నాలుగో పాఠం: పి0171 వస్తే చెయ్యి ఎక్కడ పెట్టాలి

డ్యాష్‌బోర్డులో పసుపురంగు చెక్ ఇంజన్ దీపం వెలిగితే ఏం చెయ్యాలన్నదే ఈ పాఠాల సంగతి. కిందటి పాఠంలో కారు కంప్యూటర్‌ని ఫోన్ యాప్‌తో కలిపే అడాప్టర్ తగిలించి, లోపం పేరు చెప్పే కోడు చదివి, ఫ్రీజ్ ఫ్రేమ్ అంకెలన్నీ (కోడు పడిన క్షణాన ఇంజన్ ఎలా ఉందో చెప్పేవి) నోట్‌బుక్కులో ఎక్కించుకున్నాం. కోడు చెరిపేయొద్దని అప్పుడే చెప్పాను. తొందరపడి చెరిపేసినవాళ్లుంటే కంగారు పడకండి, లోపం నిజంగా ఉంటే కొన్ని రోజుల్లో అదే తిరిగొస్తుంది. దీపం నిలకడగా కాకుండా టపటపా కొట్టుకుంటూ ఉంటే మాత్రం ఈ పాఠం దాకా రావద్దు, బండి పక్కకు తీసి ఆపండి. ఇంజన్ మిస్ కొడుతున్నప్పుడు కాలకుండా వెళ్లే పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చి పాడుచేస్తుంది.

ఈసారి ఒక్క కోడే పట్టుకుని కూర్చుందాం. పి0171. యాప్‌లో దాని కింద ‘సిస్టమ్ టూ లీన్, బ్యాంక్ 1’ అని వస్తుంది. లీన్ అంటే ఇంజన్‌లోకి వెళ్తున్న గాలికి సరిపడా పెట్రోలు అందడం లేదని. బ్యాంక్ అంటే సిలిండర్ల వరస. పాత పెట్రోలు కార్లలో తరచూ కనబడేదీ, అనవసరమైన ఖర్చు పెట్టించేదీ ఈ కోడే. ఎందుకంటే లీన్ అని పసిగట్టేది, పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసే ఆక్సిజన్ సెన్సర్. కోడు చూడగానే చాలామంది చెయ్యి నేరుగా ఆ సెన్సర్ మీదికే పోతుంది.

నాకూ అదే జరిగింది. నాలుగేళ్ల కిందట మా పాత పెట్రోలు సెడాన్‌కి ఈ కోడు వస్తే ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. ఆక్సిజన్ సెన్సర్ మార్చారు, కోడు చెరిపారు, దీపం ఆరింది. పదకొండో రోజు పొద్దున్న పాల ప్యాకెట్లకని బయల్దేరితే మళ్లీ వెలిగింది. ఉన్న సంగతి చెప్పిన సెన్సర్‌ని తీసేసి, ఆ సంగతిని అలాగే వదిలేశామన్నమాట. ఆ రోజే స్కానర్ కొన్నాను. కోడు చెప్పేది ఫిర్యాదు మాత్రమే. ఎక్కడ వెతకాలో చెప్పేవి ఫ్యూయల్ ట్రిమ్ అంకెలు. ఈ పాఠమంతా వాటి గురించే.

ట్రిమ్ అంటే ఏమిటి

మనింట్లో గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లని ఒక లెక్క ఉంటుంది. కొత్త బస్తా విప్పినప్పుడు బియ్యం పాతవైతే నీళ్లు ఎక్కువ తాగుతాయి. మెతుకు పట్టి చూసి ఇంకాస్త నీళ్లు చిలకరిస్తాం. వరసగా నాలుగు రోజులు అలాగే జరిగితే ఇక చిలకరించడం మానేసి, ఎసట్లోనే రెండుంపావు పోస్తాం. ఇంజన్ కంప్యూటర్ చేసేదీ ఇదే. ఇంత గాలికి ఇంత పెట్రోలని దాని దగ్గర ఒక పట్టిక ఉంటుంది. మెతుకు పట్టి చూసేది ఆక్సిజన్ సెన్సర్. అప్పటికప్పుడు చిలకరించేది షార్ట్ టర్మ్ ట్రిమ్. కొలతే మార్చేసుకుంటే అది లాంగ్ టర్మ్ ట్రిమ్.

యాప్‌లో లైవ్ డేటా తెరిస్తే ఈ రెండూ శాతాల్లో కనబడతాయి. ప్లస్ ఉంటే పట్టిక చెప్పినదానికన్నా ఎక్కువ పెట్రోలు పోస్తోందని, మైనస్ ఉంటే తగ్గిస్తోందని. ఎప్పుడూ రెండూ కలిపి చూడండి. లాంగ్ టర్మ్ +14, షార్ట్ టర్మ్ +6 ఉంటే మన లెక్కకి అది +20. కలిపిన అంకె ఐదు లోపు ప్లస్సో మైనస్సో ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పాత బండికి పది దాకా నేను పట్టించుకోను. చాలా కార్లలో పాతిక దగ్గరికి చేరేసరికి కంప్యూటర్ చేతులెత్తేసి దీపం వెలిగిస్తుంది.

ఇక్కడ ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు ప్రశ్న వస్తుంది. “బంకులో పెట్రోలు మారింది, అందుకే లైటు వెలిగింది” అని చాలామంది నమ్ముతున్నారు. లెక్క వేసి చూద్దాం. అచ్చమైన పెట్రోలు ఒక కిలో పూర్తిగా కాలాలంటే 14.7 కిలోల గాలి కావాలి. పది శాతం ఇథనాల్ కలిస్తే దాదాపు 14.1, ఇరవై శాతం కలిస్తే దాదాపు 13.5 కిలోలు చాలు. అంటే పది శాతానికి అలవాటుపడ్డ ఇంజన్‌కి ఇరవై శాతం పోస్తే, అదే గాలికి సుమారు నాలుగు శాతం ఎక్కువ పెట్రోలు కావాలి. కాబట్టి ట్రిమ్ నాలుగైదు పెరగడం సహజం. +20 మాత్రం ఆ ఒక్క కారణంతో రాదు. అప్పటికే +18 దగ్గర నెట్టుకొస్తున్న బండిని ఈ20 గీత దాటించి ఉండొచ్చు. వెతకాల్సింది ఆ పద్దెనిమిదినే.

అంకెలు తీసుకునే పద్ధతి

బండిని ఆరుబయట, చదునైన చోట పెట్టండి. మూసిన గ్యారేజీలో వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. న్యూట్రల్, హ్యాండ్‌బ్రేకు, చక్రానికి ఇటుక. ఇంజన్ బాగా వేడెక్కి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా ఆగండి. చల్లటి ఇంజన్ ఆక్సిజన్ సెన్సర్ మాట వినదు, అప్పుడు తీసిన అంకెలకి విలువ లేదు. ఏసీ, హెడ్‌లైట్లు ఆపేయండి.

ఐడిలింగ్‌లో రెండు నిమిషాలు చూసి రెండు ట్రిమ్‌లూ రాసుకోండి. తర్వాత ఇంట్లో ఎవరినైనా సీట్లో కూర్చోబెట్టి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒక నిమిషం నిలకడగా తొక్కిపట్టమనండి. మళ్లీ రాసుకోండి. అంతే, ఈ రెండు వరసలే మన దారి చూపిస్తాయి.

మా సెడాన్‌కి ఐడిలింగ్‌లో కలిపి +20 వచ్చింది. 2500 దగ్గర +5కి దిగింది. ఇలా పడిపోతే ఇంజన్ ఎక్కడో దొంగగాలి పీలుస్తోందని అర్థం. ఎందుకో గ్రాముల్లో చూడండి. ఎయిర్ ఫిల్టర్ పెట్టె దాటాక ఉండే మాఫ్ సెన్సర్ ఐడిలింగ్‌లో సెకనుకు రెండున్నర గ్రాముల గాలిని లెక్కపెట్టిందనుకుందాం. సెన్సర్ దాటాక ఎక్కడో చీలికలోంచి లెక్కలోకి రాని అర గ్రాము చొరబడింది. రెండున్నరలో అర అంటే ఇరవై శాతం. 2500 దగ్గర సెన్సర్ పది గ్రాములు లెక్కపెట్టింది, చీలికలోంచి వచ్చింది మళ్లీ ఆ అర గ్రామే. పదిలో అర అంటే ఐదు శాతం. నిజానికి చీలికలోంచి వచ్చేది కచ్చితంగా అంతే ఉండదు, కానీ తీరు మాత్రం ఇదే.

ఐడిలింగ్‌లో బాగుండి, రేజ్ చేసినప్పుడో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో ట్రిమ్ పెరుగుతుంటే కథ వేరు. అప్పుడు గొట్టాలు వెతికి లాభం లేదు. ట్యాంకులోని పంపు నీరసించడమో, దాని జల్లెడ మూసుకుపోవడమో, మాఫ్ తీగ మీద దుమ్ము పేరుకోవడమో కారణం. మాఫ్‌ని దానికోసం అమ్మే స్ప్రేతోనే కడగండి, తీగని వేలితోనో గుడ్డతోనో ముట్టొద్దు, పూర్తిగా ఆరాకే బిగించండి. పెట్రోలు ప్రెషర్ కొలిచే పని మాత్రం గేజీ ఉన్న మెకానిక్‌కి వదిలేయండి. ఆ లైను విప్పితే వేడి ఇంజన్ మీద పెట్రోలు చిమ్ముతుంది. ఇంట్లో చేసే పని కాదది.

రెండుచోట్లా ఒకేలా పెరిగి ఉంటే ఇంజెక్టర్లలో మడ్డి పట్టి ఉండొచ్చు. ఇంజన్‌కీ ముందు ఆక్సిజన్ సెన్సర్‌కీ మధ్య సైలెన్సర్ పైపు జాయింటు వదులైనా సెన్సర్ మోసపోతుంది, బయటి గాలి తగిలి లీన్ అని చెబుతుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే టిక్కు టిక్కుమని వినబడి, వేడెక్కాక తగ్గితే ఆ జాయింటు దగ్గర నల్లటి మసి మరక కోసం చూడండి.

మీ బండిలో మాఫ్ ఉందా, మ్యాప్ ఉందా

మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లు చాలావాటికి మాఫ్ ఉండదు. మానిఫోల్డ్‌లోని (సిలిండర్లకి గాలి పంచే గొట్టాల అమరిక) ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్‌తో గాలి లెక్క కడతాయి. మీ లైవ్ డేటాలో సెకనుకు గ్రాములు చూపించే వరస లేకుండా, కిలోపాస్కల్ అంకె ఒక్కటే ఉంటే మీది ఆ రకమే అయ్యుంటుంది. కొన్ని యాప్‌లు గ్రాములని సొంతంగా లెక్కగట్టి చూపిస్తాయి, కాబట్టి ఫిల్టర్ పెట్టె వెనక గొట్టానికి వైర్లున్న సెన్సర్ ఉందో లేదో కంటితోనూ చూసుకోండి.

ఈ రకంలో గాలి చొరబడితే మానిఫోల్డ్ ఒత్తిడి పెరుగుతుంది, కంప్యూటర్ దాన్ని చూసి పెట్రోలు పెంచేస్తుంది. అందుకే ట్రిమ్ అంతగా కదలదు, ఐడిలింగ్ ఆర్‌పీఎం మాత్రం పైకి పోతుంది. 750 దగ్గర ఉండాల్సిన ముల్లు 1100 దగ్గర నిలబడితే దొంగగాలి అనుమానించండి. ఇలాంటి బండికి పి0171 వస్తే నా చూపు ముందు పెట్రోలు వైపు, ఆ తర్వాత మ్యాప్ సెన్సర్ వైపు పోతుంది. సెన్సర్ని పరీక్షించడం తేలిక. ఇంజన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి కిలోపాస్కల్ చూడండి. అది బయటి గాలి ఒత్తిడితో సమానంగా ఉండాలి. విశాఖలోనో కాకినాడలోనో అయితే 101 దగ్గర, సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో అయితే 95 దగ్గర. హైదరాబాద్ పాఠకులు 95 చూసి సెన్సర్ చెడిందనుకోవద్దు. వేడెక్కి ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు చాలా ఇంజన్లలో ఇది 30, 40 మధ్య ఉంటుంది.

చీలిక పట్టుకోవడం

మళ్లీ మా సెడాన్ దగ్గరికి వద్దాం. బానెట్ ఎత్తే ముందు మెడలో తువ్వాలు, చేతి గొలుసు తీసి పక్కన పెట్టండి. పొడుగు జుట్టు ముడి వేసుకోండి. ఫ్యాను చెప్పకుండా తిరుగుతుంది, బెల్టు తిరుగుతూనే ఉంటుంది.

మొదటి పరికరం చెవి. మూరెడు నీళ్ల పైపు ముక్క తీసుకుని ఒక కొన చెవి దగ్గర పెట్టుకోండి, రెండో కొనని మానిఫోల్డ్ చుట్టూ, గొట్టాల జాయింట్ల వెంట నెమ్మదిగా తిప్పండి. చీలిక దగ్గర బుస వినబడుతుంది. నాకు థ్రాటిల్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలిని అదుపు చేసే తలుపు) వెనక ఎక్కడో వినబడింది కానీ చోటు తేలలేదు.

రెండోది నొక్కడం. మానిఫోల్డ్‌కి వచ్చే రబ్బరు గొట్టాలు మూడు నాలుగే ఉంటాయి: బ్రేకు బూస్టర్‌ది, ఇంజన్ కేసులోని ఆవిరిని లాగే పీసీవీది, పెట్రోలు ట్యాంకు ఆవిరి తెచ్చేది. గుడ్డ చుట్టిన ప్లయర్‌తో ఒక్కోదాన్ని పది సెకన్లు నొక్కిపట్టి షార్ట్ టర్మ్ ట్రిమ్ చూడండి. ఎండిపోయి గట్టిపడ్డ గొట్టాన్ని నొక్కొద్దు, అక్కడే విరుగుతుంది. నేను పీసీవీ గొట్టం మానిఫోల్డ్ దగ్గర నొక్కగానే +6 ఉన్న షార్ట్ టర్మ్ గబగబా దిగి −11కి పోయింది. లాంగ్ టర్మ్ ఇంకా +14 పోస్తోంది, చొరబడే గాలి ఆగిపోయింది, అందుకే ఆ మైనస్. ఆ అంకె చూసినప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది. ఒక జాగ్రత్త: ఆరోగ్యంగా ఉన్న పీసీవీ నొక్కినా అంకె కొద్దిగా కదలొచ్చు. పదిహేడు పడిందంటే అది కొద్దిగా కాదు.

గొట్టం పైనుంచి నల్లగా, నున్నగా ఉంది. ఇంజన్ ఆపి, చల్లారాక కింది నుంచి వేలు పోనిస్తే మోచేతిలా వంగినచోట గోరు దిగబడింది. వేడికి, నూనె ఆవిరికి రబ్బరు బిరుసెక్కి, వంపు లోపలివైపున చిటికెన వేలి గోరంత చీలింది. ఊడదీసి వంచితే నోరు తెరుచుకుంది, వదిలేస్తే మూసుకుంది. కంటికి దొరక్కపోవడానికి కారణం అదే. వర్షాకాలంలో ఎలుకలు కొరికిన గొట్టాలు కూడా ఇలాగే కింది వైపునే చిరుగుతాయి, పళ్ల గాట్లు కనిపిస్తే అల్లుకుని ఉన్న వైర్లు కూడా తడిమి చూడండి.

రెండు పద్ధతులకీ దొరక్కపోతే మానిఫోల్డ్ గ్యాస్కెట్ అనుమానించాలి. మామూలు నీళ్లు స్ప్రే సీసాలో పోసి జాయింటు వెంట సన్నగా కొట్టండి. చీలిక మీద పడిన క్షణం ఐడిలింగ్ మారుతుంది. కాయిల్స్, వైరు కనెక్టర్లు, మంటలా కాగే సైలెన్సర్ వైపు తగలనివ్వొద్దు. వీడియోల్లో కార్బ్ క్లీనర్ కొట్టి చూపిస్తారు, అది అంటుకునే ద్రవం. పొగ కోసం అగరొత్తి వెలిగించి బానెట్ కింద పెట్టడం ఇంకా ప్రమాదం. నీళ్లు చాలు.

చీలిన గొట్టానికి టేపు చుట్టొద్దు. నూనె ఆవిరికి జిగురు వదిలేసి, ఒక్కోసారి ఆ టేపు ముక్కే లోపలికి పోతుంది. పాత గొట్టం చేత్తో పట్టుకుని స్పేర్ పార్ట్స్ షాపుకి వెళ్లి, అదే వంపు, అదే మందం ఉన్నది తెచ్చుకోండి. తిన్నటి గొట్టాన్ని వంచి పెడితే వంపులో నొక్కుకుపోతుంది.

కొత్తది బిగించాకే కోడు చెరపండి. చెరిపితే నేర్చుకున్న లాంగ్ టర్మ్ కూడా సున్నా అవుతుంది, కాబట్టి ఒకటి రెండు రోజులు ఊళ్లోనూ హైవే మీదా కలిపి నలభై యాభై కిలోమీటర్లు తిప్పి, అప్పుడు మళ్లీ అంకెలు తీయండి. మాకు ఐడిలింగ్‌లో +3, 2500 దగ్గర +2 వచ్చింది. మళ్లీ ఆ దీపం వెలగలేదు.

ఈ వారం పని: కోడు ఉన్నా లేకపోయినా, మీ బండికి ఐడిలింగ్‌లో, 2500 దగ్గర ట్రిమ్‌లు తీసి, తేదీ, ఓడోమీటర్ అంకెతో రాసి పెట్టుకోండి. బాగున్నప్పటి అంకెలు చేతిలో ఉంటే చెడినప్పుడు సగం పని అయిపోయినట్టే. ఐదో పాఠంలో ఇంజన్ మిస్ కొట్టడాన్ని చెప్పే పి0300 వరస కోడ్లు చూద్దాం. స్పార్క్ ప్లగ్గు స్పానర్ ఒకటి దగ్గర పెట్టుకోండి.